చార్లెస్ జ్ఞాపకార్థ కూడిక

తాకేటా, రంగూన్
12 ఏప్రిల్ 1988

ప్రియమైన చెల్లి మరియకు,

ప్రభువు నామమున వందనాలు. మీ అన్న చార్లెస్ ఇంకా లావుగానే ఉన్నాడు. నేను నడిపే దలా రేవు పడవ ఇంజను ఇంకా దగ్గుతూనే ఉంది. రెండింటికీ మందు దొరకడం లేదు.

రేపటినుంచి కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ. ఈసారి వీధుల్లో పందిళ్ళు తక్కువ. ఎందుకని అడగకు. ఈ కవరును నీకంటే ముందు తెరిచి చదివే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఆయన కళ్ళకు శ్రమ కలిగించడం నాకిష్టం లేదు. వాతావరణం బాగాలేదని, కాలేజీలు మూసేశారని మాత్రం రాస్తాను.

అసలు సంగతి కెరెన్ గురించి. వాళ్ళమ్మ పోయాక దాన్ని నేను పెంచానో, అది నన్ను పెంచిందో చెప్పడం కష్టం. మొన్న అన్నం తింటూ, "నాన్నా, నాను లా సదువుతాను" అంది. "లా అంటే ఏటి, వాదులాటేనా? అది నీకు పుట్టుకతోనే వచ్చీసింది గదే" అన్నాను. నవ్వలేదు. పక్కన కూర్చుని నా చేప ముక్క తింటున్న కెల్విన్ కూడా నవ్వలేదు. కెల్విన్ ఎవరో తెలుసుగా, నువ్విక్కడున్నప్పుడు గుడిలో నీ పక్కన నిలబడి పాడిన సోఫియా కొడుకు. గిటారు వాయిస్తాడు, రోజూ మా ఇంట్లోనే తింటాడు. "అంకుల్, కెరెన్ లా సదవాల, నవ్వులాట కాదు" అని నాకు బోధ చేశాడు.

ఇప్పుడు దారులు మూడు. ఇక్కడి కాలేజీ తెరిచేదాకా ఆగడం ఒకటి. కెరెన్‌కు అదే ఇష్టం. కలకత్తా రెండోది. ఓడ దిగితే ఊరే కదా అని నా లెక్క. మూడోది మీ విశాఖపట్నం. అక్కడ మన మిషను వాళ్ళు లా కాలేజీ పెట్టారని విన్నాను, కనుక్కుని రాయి.

ఒక్క మాట. ఇక్కడినుంచి ఒకసారి వెళ్ళినవాళ్ళను మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. నువ్వు వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది, నీ ముఖం నాకు ఫొటోలోనే గుర్తు. కూతురు ముఖం కూడా ఫొటోలోనే చూసుకోవాలా అన్నది నా భయం. సిగ్గు విడిచి రాస్తున్నాను.

నీ అన్న,
చార్లెస్


బర్మా క్యాంపు, విశాఖపట్నం
9 మే 1988

అన్నయ్యకు,

మరియ వందనాలు. నీ ఉత్తరం అందింది. అతికించిన అంచు చూస్తే ఆ పెద్దమనిషి చాలా ఓపికగా చదివినట్టే ఉంది.

కాలేజీకి వెళ్ళాను. అక్కడ చెప్పిన పద్ధతి నేనెక్కడా వినలేదు. వచ్చే ఏడాది వేసవిలో చేరే పిల్లలకు సీట్లు రెండు విడతల్లో ఇస్తారట. రెండో విడత అందరికీ, ఆ వేసవిలోనే. తొలి విడత ఈ సెప్టెంబరులోనే. తొలి విడతలో అడిగేవాళ్ళు మాత్రం ఒక ప్రమాణం మీద సంతకం పెట్టాలి. ఈ కాలేజీకి తప్ప మరి దేనికీ దరఖాస్తు పెట్టననీ, సీటిస్తే వచ్చి తీరతాననీ. తరవాత మాట తప్పితే ఇంకెప్పుడూ ఆ గడప తొక్కనివ్వరు.

"ఇదేటి బాబూ, సదువా, పెళ్ళా?" అని గుమస్తాను అడిగేశాను. "పెళ్ళికైతే పెద్దలు సంతకం పెడితే సరిపోద్దమ్మా" అన్నాడు. ప్రిన్సిపాలు జగదీశ్వరరావుగారు మాత్రం నిదానంగా చెప్పారు. పరదేశం నుంచి వచ్చే పిల్లలకు తొలి విడతే మంచిదట. పాస్‌పోర్టు పనులకు వ్యవధి ఉంటుంది. తండ్రి లేని పిల్లలకు కూడా తొలి విడతలోనే రెండు సీట్లు విడిగా ఉంచారు, ఫీజు లేకుండా. అది మనకు అక్కర్లేని సంగతి, దేవునికి స్తోత్రం.

కాబట్టి ఆలోచించుకో. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పడవవాడివి నీకు నేను చెప్పాలా? కలకత్తాలో దానికెవరున్నారు? ఇక్కడ నేనున్నాను, పిల్లాజెల్లా లేనిదాన్ని, నా కూతురిలా చూసుకుంటాను. రంగూన్ కాలేజీలు ఎప్పుడు తెరుస్తారో, తెరిచాక ఎప్పుడు మూస్తారో నీ పెద్దమనిషికే తెలియాలి.

ఫొటో, మార్కుల కాగితాలు ఎవరి చేతనైనా పంపు.

నీ చెల్లెలు,
మరియ


బర్మా క్యాంపు, విశాఖపట్నం
16 జూలై 1988

నా తల్లి కెరెన్‌కు,

అత్త ఏడుస్తూ రాస్తున్న ఉత్తరం ఇది. అక్షరాలు చెదిరితే క్షమించు.

మీ రంగూన్ తామ్వేలో బట్టల కొట్టు సత్తిరాజుగారు పోయిన వారం వచ్చి నీ కవరు ఇచ్చారు. పైన చిరునామా నీ చేతిరాత. లోపల మార్కుల కాగితాలు, నీ ఫొటో. ఉత్తరం లేదు. అన్నయ్య రెండు వాక్యాలు కూడా రాయకుండా నాకు కవరు పంపడమా? ఫొటో చూశాను. తెల్ల రవిక, భుజానికి నల్ల గుడ్డ. 

మనవాళ్ళలో ఇంటిమనిషి పోతే తప్ప నల్ల గుడ్డ కట్టరు. మా అమ్మ పోయినప్పుడు అన్నయ్య కట్టుకున్నాడు, మీ అమ్మ పోయినప్పుడూ కట్టుకున్నాడు. మీ ఇంట్లో ఇక మిగిలింది ఇద్దరే. ఫొటోలో ఉన్నది నువ్వు.

అయినా సత్తిరాజుగారిని అడిగాను. "బాబూ, మా అన్నియ్య ఎలగున్నాడు?" అన్నాను. ఆయన తల దించుకున్నారు. రెండు చేతులూ పైకెత్తి, "ఏటి సెప్తాం అమ్మా, అంతా ఆ దేవుడి దయ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఇంకేం అడగను? నన్ను బాధపెట్టలేక నువ్వే దాస్తున్నావని అర్థమైంది.

ఆదివారం గుడిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టించాను. క్యాంపులో రంగూన్ నుంచి వచ్చినవాళ్ళందరూ వచ్చారు. అక్కడి అలవాటు ప్రకారం చేపల పులుసు, సేమియాతో మొహింగా వండి వడ్డించాను.

సోమవారం కాలేజీకి వెళ్ళాను. నువ్విక అక్కడ ఒంటరిగా ఎలా ఉంటావు? తండ్రి లేని పిల్లల సీటుకు దరఖాస్తు పెట్టాను. కూడిక జరిగిందని మా పాస్టరుగారు చెబితే చాలని కాలేజీవాళ్ళు అన్నారు. నీ తరపున సంరక్షకురాలిగా ప్రమాణం మీద నేనే సంతకం పెట్టాను. ప్రిన్సిపాలుగారు సెప్టెంబరు దాకా ఆగకుండా అక్కడికక్కడే సీటు ఖాయం చేశారు. ఇక కలకత్తా లేదు, ఆగడం లేదు. నువ్వు వచ్చెయ్యాలి, తల్లీ.

నీ మేనత్త,
మరియ


తాకేటా, రంగూన్
2 ఆగస్టు 1988

బతికున్న అన్నకు కూడిక పెట్టిన చెల్లెలికి, చచ్చిపోయిన చార్లెస్ రాయునది.

నీ ఉత్తరం కెరెన్ చదువుతుంటే నేను ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. అది మధ్యలో ఆగి నావైపు చూసింది. కాగితం చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "నాన్నా, నువ్వు సచ్చిపోయినావంట" అంది. కప్పు జారి ఒళ్ళో పడింది. కాలింది కనుక బతికే ఉన్నానని తెలిసింది.

ఈ ఉత్తరాన్ని కలకత్తా ఓడలో పనిచేసే అచ్చయ్య చేతికిస్తున్నాను. అక్కడ పోస్టులో వేస్తాడు. అందుకే నోరు విప్పి రాస్తున్నాను. ఆ నల్ల గుడ్డ కెల్విన్ కోసం. జూన్‌లో కాలేజీ పిల్లల ఊరేగింపు మీద తుపాకులు పేల్చారు. గిటారు తప్ప కర్ర కూడా పట్టని పిల్లాడు మరియా. సోఫియా ఇప్పటికీ పొద్దున్నే వాడి చొక్కా ఉతికి ఆరేస్తోంది. ఈ ఊళ్ళో పిల్లలు ఇప్పుడు స్నేహితుడు పోయినా నల్ల గుడ్డ కడుతున్నారు. నువ్వున్నప్పుడు ఈ ఆచారం లేదు. అప్పట్లో పిల్లలు ఇలా పోయేవాళ్ళు కూడా కాదు. ఫొటో తీయించేటప్పుడు ఆ గుడ్డ తియ్యవే అన్నాను. తియ్యనంది.

సత్తిరాజు తిరిగొచ్చాక పట్టుకున్నాను. నేను రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఏమైందంటే, "విమానం దగ్గర సోదా సేస్తారని బయమేసి సించీసినాను, బాబూ. ఇక్కడి మాటలు అక్కడ సెప్పొద్దని మా ఆడది ఒట్టు పెట్టించుకుంది" అన్నాడు. భార్య మాట జవదాటని మగాణ్ణి ఈ ఊళ్ళో అతన్నొక్కణ్ణే చూశాను.

నవ్వింది చాలు, ఇప్పుడు కోపం. నన్ను చంపావు, సరే, చెల్లెలివి కనుక క్షమించాను. దాని తరపున సంతకం ఎందుకు పెట్టావు? ఏ కాలేజీకి కట్టుబడాలో తేల్చుకోవలసింది అది. ఇక్కడే ఉండాలా, కెల్విన్ పోయిన ఊరు విడిచి రావాలా అని రోజూ నలిగిపోతోంది. రోజురోజుకీ నీవైపే మొగ్గుతూ వచ్చింది కూడా. నీ ఉత్తరం చూశాక, "అత్త నన్ను అమ్మీసింది, నాను ఎల్లను" అని గదిలో కూర్చుంది. అబద్ధం మీద సీటు సంపాదించి రేపు న్యాయస్థానంలో నిజం గురించి ఏం వాదిస్తుంది? నిజంగా తండ్రి లేని పిల్ల ఎవరో ఆ సీటు కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. వెంటనే వెళ్ళి మా అన్న బతికే ఉన్నాడని చెప్పి వదులుకో. ఇది పెద్దవాడిగా నా ఆజ్ఞ.

నా మనసులో మాట కూడా చెబుతాను. అది వెళ్ళాలనే నాకుంది. ఫొటోలో చూసుకోవలసి వచ్చినా సరే, ముఖమంటూ ఉంటే చాలని ఇప్పుడు అనిపిస్తోంది. కానీ వెళితే తన సంతకం మీద వెళ్ళాలి.

ఇంకో సంగతి. నా కూడిక ఎలా జరిగిందో వివరంగా రాయి. ఎవరెవరు వచ్చారు, ఏం పాడారు, ఎవరు నిజంగా ఏడ్చారు, ఎవరు మొహింగా కోసం వచ్చారు. చచ్చాక తెలుసుకునే వీలు ఎవరికీ దొరకదు, నాకు దొరికింది. నేను నిజంగా పోయినప్పుడు మళ్ళీ పెట్టకు. మనిషికి ఒక కూడిక చాలు.

నీ అన్న,
స్వర్గీయ చార్లెస్


బర్మా క్యాంపు, విశాఖపట్నం
24 ఆగస్టు 1988

అన్నయ్యా,

నీ దస్తూరీ చూసి వాకిట్లోనే కూలబడ్డాను. పక్కింటావిడ నీళ్ళు చల్లింది. నీ ఉత్తరం చదివి నవ్వాను, ఏడ్చాను, కెల్విన్ సంగతి దగ్గర కాగితం పక్కన పెట్టేశాను. సోఫియాను తలచుకుంటే అన్నం దిగడం లేదు.

నీ ఆజ్ఞ ప్రకారం కాలేజీకి వెళ్ళాను.  "అయ్యా, మా అన్నియ్య బతికే ఉన్నాడు, నాను పొరపాటు పడ్డాను" అని చెప్పాను. జగదీశ్వరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బతికున్నవాళ్ళను చంపి సీటు అడిగినవాళ్ళను చూశానమ్మా. బతికించి సీటు వదులుకున్నవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను" అన్నారు. నేను పెట్టిన సంతకం నా ఎదుటే కొట్టేశారు. ఆ సీటు చీపురుపల్లి పిల్లకు వెళ్ళింది. తండ్రి రైలు ప్రమాదంలో పోయాడట, నాకు తృప్తిగా ఉంది.

కెరెన్ కోసం ఒక దారి మిగిల్చారు. మామూలు సీట్లలో, తొలి విడతలోనే, డిసెంబరు ఆఖరు వరకు దాని పేరు మీద సీటు ఉంచుతామన్నారు. కానీ ప్రమాణం మీద సంతకం అదే పెట్టి పంపాలి. ఇందులో ఆ కాగితం పెట్టాను. దానితో చెప్పు, అత్త ఇంకెప్పుడూ దాని తరపున చెయ్యి కదపదని.

ఇక నీ కూడిక. గుడి నిండిపోయింది, నిజం. రంగూన్‌లో నువ్వు గుడి గంట లాగబోయి తాడుతో సహా కింద పడ్డ సంగతి పాస్టరుగారు చెప్పారు. ఏడవాల్సినవాళ్ళంతా నవ్వారు. మంగరాజు తాత లేచి, సర్కారు మన కొట్లన్నీ జాతీయం చేసినప్పుడు మేమంతా ఓడ ఎక్కుతుంటే రేవులో నిలబడి ప్రతి కుటుంబానికీ నువ్వు అన్నం పొట్లాలు ఇచ్చావని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నీకు ఇష్టమైన ఆ సాయంకాలపు పాట పాడాము. నేను రెండో చరణం దాటలేకపోయాను. నిజంగా ఏడ్చింది చాలామంది. మొహింగా కోసం వచ్చింది మా క్యాంపు సన్యాసిగాడొక్కడే, మూడుసార్లు వడ్డించుకున్నాడు. వాడు కూడా ఏడుస్తూనే తిన్నాడు.

రోజూ రేడియోలో మీ ఊరి వార్తలు వింటున్నాను. ఊరంతా వీధుల్లో ఉందంటున్నారు. పోస్టు నడుస్తుందో లేదో తెలియదు. బతికే ఉన్నానని ఒక్క ముక్క రాయి, అది చాలు.

నీ చెల్లెలు,
మరియ


తాకేటా, రంగూన్
20 నవంబరు 1988

అత్తకు,

కెరెన్ వందనాలు. సండేస్కూల్లో నేర్చుకున్న తెలుగు నాది, తప్పులుంటే దిద్దుకోండి. ఇక్కడ ఇన్నాళ్ళూ పోస్టు ఆగిపోయింది. దీన్ని నాన్నలాగే ఓడలో పనిచేసే అచ్చయ్య చేతికిస్తున్నాను. ఆగస్టులో మీరు రాసిన ఉత్తరం ఈ వారమే వచ్చింది. నాన్న పేరు మీద వచ్చింది. నేను తెరిచాను.

అత్తా, నాన్న లేరు. ఈసారి నిజం.

సెప్టెంబరులో సైన్యం ప్రభుత్వాన్ని తీసుకుంది. మరునాడు పొద్దున నాన్న దలా పడవ డ్యూటీకి బయలుదేరారు. నేను వద్దన్నాను. "అవతల ఒడ్డు జనం ఏటవుతారే, ఇంజను నాను తప్ప ఎవుడు తిప్పుతాడు?" అన్నారు. టీ సగం తాగి కప్పు మూత పెట్టి వెళ్ళారు, వచ్చి తాగుతానని. తాకేటా వంతెన దగ్గర కాల్పులు జరిగాయి. పడవలో పనిచేసే కో మ్యింట్ వెనకాలే వస్తూ ఆయన పడిపోవడం చూశాడు. లారీ వచ్చి అందరినీ ఎత్తుకుపోయింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. నేను చాలా చోట్ల తిరిగాను. చెప్పులు కూడా ఇవ్వలేదు.

కాలేజీ కాగితాలకు కావాలని కాదు, మామూలుగానే చావు రాయించడానికి వార్డు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడాయన నా వైపు చూడకుండానే, ఆ రోజు వంతెన దగ్గర ఎవరూ చనిపోలేదన్నాడు. "మరి మా నాన్న ఎక్కడున్నారు?" అని అడిగాను. డ్యూటీకి రాలేదు కాబట్టి ఉద్యోగం వదిలి పారిపోయినట్టు రాసుకున్నారట. పడవ ఇంజను దగ్గినా నిద్రలేచి పరిగెత్తే మా నాన్న పారిపోయారట. నాకు ఏడుపు రాలేదు. చెవుల్లో హోరు మాత్రం వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తోంది.

కూడిక పెట్టలేకపోయాము. నలుగురిని మించి ఒకచోట చేరకూడదని ఆజ్ఞ. మీ ఉత్తరం వచ్చిన రోజు సోఫియా ఆంటీ, ఇక్కడి పాస్టరుగారు, కో మ్యింట్, నేను తలుపు వేసుకుని కూర్చున్నాము. నేను మీ ఉత్తరం పైకి చదివాను. గంట తాడు, అన్నం పొట్లాలు, మంగరాజు తాత, పాట, సన్యాసి మొహింగా, అన్నీ. కో మ్యింట్‌కు తెలుగు రాదు, పాస్టరుగారు బర్మా భాషలో చెబుతూ వచ్చారు. సన్యాసి సంగతి వచ్చినప్పుడు సోఫియా ఆంటీ నవ్వింది. జూన్ తరవాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ పాట రెండో చరణం మేము పూర్తి చేశాము, గొంతు తగ్గించి, వీధిలోకి వినిపించకుండా.

అత్తా, మీ మీద నాకు చాలా కోపం ఉండేది. ఇప్పుడు లేదు. ఊరంత మంది కూర్చుని మా నాన్న కోసం ఏడ్చింది మీ దగ్గరే. ఆయన బతికుండగా జరిగింది, అంతే తేడా. మళ్ళీ పెట్టకండి. ఒకటి చాలన్నారు కదా.

ఇక సీటు సంగతి. తండ్రి లేని పిల్లల సీటు ఇప్పుడు అడగవచ్చని మీకు అనిపిస్తుంది. అడగకండి. ఇప్పుడు కాగితం అడుగుతారు, నా దగ్గర కాగితం లేదు. చీపురుపల్లి పిల్ల దగ్గర ఉంది.

నేను ఇక్కడే ఉండాలనుకున్నాను. కాలేజీలు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. తెరిచినా ఎవరూ చనిపోలేదని చెప్పేవాళ్ళ దగ్గర నేను ఏ చట్టం నేర్చుకోను? కలకత్తాకు రాయలేదు, రాయను. ప్రమాణం మీద నా చేత్తో నేనే సంతకం పెట్టాను. పాస్‌పోర్టు ఇస్తే వేసవికి వస్తాను. వచ్చాక తిరిగి ఇక్కడికి రానివ్వరని తెలుసు. నాన్న కప్పు తెచ్చుకుంటాను.

దరఖాస్తులో మిగతావన్నీ నింపాను. తండ్రి అన్నచోట ఉన్నారా, లేరా అని ఒక గడి ఉంది. ఉన్నారని రాస్తే నేను అబద్ధమాడినట్టు. లేరని రాస్తే రుజువేదీ అంటారు. అబద్ధం రాయొద్దని నాన్న చెప్పారు, కాబట్టి అది ఖాళీగానే పంపుతున్నాను. ఎందుకు వదిలేసిందని ప్రిన్సిపాలుగారు అడిగితే, అది నింపడం నేర్చుకోవడానికే వస్తోందని చెప్పండి.

చార్లెస్ గారి కూతురు,
కెరెన్